మలుపు తిప్పే విద్య: తొలి మోటారు కార్ల స్టీరింగు వివాదాలు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

వీధిలో కన్నడం, ఇంటిలో తెలుగు, కచేరీలలో ఇంగ్లీషు వినిపించే ఈ ఊరిలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాల 75 సంవత్సరాలు నిలవడం సామాన్య విషయం కాదు. అందుకు కారకులైన మహనీయుల సేవలను నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా స్మరించారు. నేను పునరుక్తి చేయను. నా వృత్తికి సంబంధించిన విషయమేదైనా చెప్పవలసిందని కార్యనిర్వాహకులు కోరారు. నా ఉద్యోగ జీవితమంతా మోటారు వాహనాలను పరీక్షించడంలోనే గడిచింది. కనుక తొలినాటి మోటారు కార్ల స్టీరింగు విషయంలో నిర్మాతల మధ్య చెలరేగిన అభిప్రాయభేదాలను గురించి, అవి తీరిన విధానాన్ని గురించి మనవి చేస్తాను. ఇద్దరు తెలిసినవారు రెండు విధాలుగా చెప్పినప్పుడు ఎవరి మాట నిజమో తేల్చుకొనడం ఎలా అన్న ప్రశ్న ఈ కథలో అడుగడుగునా ఎదురవుతుంది. అది మన తరగతి గదులకూ చెందిన ప్రశ్న.

మన ఊరి రథోత్సవం మీరందరూ చూసినదే. వందలమంది మోకులు పట్టి లాగితే రథం ముందుకు సాగుతుంది. కాని దాని ఇరుసులు పక్కకు తిరగవు. వీధి మలుపు రాగానే అనుభవజ్ఞులు చక్రాల క్రింద కొయ్య దిమ్మెలు దోపి, కొంచెం కొంచెంగా రథాన్ని మళ్ళిస్తారు. ఎద్దుబండికి ఈ కష్టం లేదు. దానికి ఉన్నది ఒకటే ఇరుసు. ఎడ్లు ఎటు తిరిగితే నొగ అటు తిరుగుతుంది, బండి వెంబడిస్తుంది. నాలుగు చక్రాల గుర్రపు కోచి బండికి వేరొక ఉపాయం చేశారు. ముందు ఇరుసు నడుమ ఒక శీల అమర్చి, ఇరుసు యావత్తూ ఆ శీలపై తిరిగేలా నిర్మించారు. గుర్రాలు నొగను పట్టి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు చక్కగా పనిచేసింది.

గుర్రాలను విప్పి ఇంజను పెట్టేసరికి చిక్కు వచ్చింది. ముందు చక్రాల మధ్య దూరం 4 అడుగులనుకుందాము. ఒక చక్రం రాతికి తగిలితే ఆ దెబ్బ నడిమి శీలకు 2 అడుగుల దూరాన పనిచేసి ఇరుసును గిరుక్కున త్రిప్పుతుంది. పూర్వం గుర్రాల బరువు నొగను నిలిపి ఉంచేది. ఇప్పుడు ఆ విసురంతా నడిపేవాని చేతిమీద పడింది. అంతేకాక ఇరుసును బాగా త్రిప్పినప్పుడు చక్రం బండి క్రిందికి చొరబడి, ముందు భాగానికి ఆధారం ఇరుకై, బండి ఒరిగిపోయే ప్రమాదం ఏర్పడింది.

విచిత్రమేమంటే, ఈ చిక్కుకు పరిష్కారం మోటారు కారుకు 70 ఏండ్ల ముందే సిద్ధంగా ఉంది. 1816 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల నిర్మాత ఇరుసును కదలనీయకుండా, దాని రెండు కొసలలో, చక్రాలకు దగ్గరగా, ఒక్కొక్క శీలను అమర్చాడు. చక్రాలు మాత్రమే ఆ శీలలపై తిరుగుతాయి. 1818లో లండనులో రుడాల్ఫ్ అకర్‌మన్ ఆయన పక్షాన దానికి పేటెంటు పొందాడు. కనిపెట్టినవాని పేరు మరుగున పడి, పేటెంటు పొందినవాని పేరే నేటికీ నిలిచిపోయింది. మన మెకానిక్కులు ‘కింగ్ పిన్’ అనేది ఈ కొస శీలనే. శీల చక్రానికి 4 అంగుళాల దూరంలో ఉంటే, ఇందాక చెప్పిన రాతి దెబ్బ త్రిప్పే శక్తి ఆరవ వంతుకు తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మలుపులో రెండు ముందు చక్రాలూ ఒకే కోణంలో తిరిగితే సరిపోదు. నేను ఎనిమిదవ తరగతిలో ఉండగా మా లెక్కల మాస్టారు సుద్దముక్కకు దారం కట్టి నల్లబల్లపై వృత్తం గీసి, “స్పర్శరేఖకు వ్యాసార్థం ఎప్పుడూ లంబమేనురా” అన్నారు. చక్రం ఈడ్చుకుపోకుండా దొర్లాలంటే, అది సాగే దిశ దాని వృత్తానికి స్పర్శరేఖ కావాలి. అంటే దాని ఇరుసు రేఖ వృత్తకేంద్రం గుండా పోవాలి. నాలుగు చక్రాలకూ ఒకటే కేంద్రం ఉండాలి. అది వెనుక ఇరుసును పొడిగించిన రేఖపై పడాలి. ఇరుసుల మధ్య 8 అడుగులు, కింగ్ పిన్నుల మధ్య 4 అడుగులు ఉన్న కారును తీసుకోండి. కేంద్రం కారు లోపలి పక్కనుండి 16 అడుగుల దూరాన ఉంటే, లోపలి చక్రం సుమారు 26½ డిగ్రీలు, వెలుపలి చక్రం సుమారు 22 డిగ్రీలు తిరగాలి. 1878లో ఫ్రాన్సులో షార్ల్ జాంతో ఈ తేడా వచ్చేలా కడ్డీలను ఏటవాలుగా అమర్చే పద్ధతి చూపాడు. ఇంజనీరింగు కళాశాలలో ఈ పాఠం ఇంగ్లీషులో చెప్పినప్పుడు నాకు అర్థమయింది మాస్టారి దారం వల్లనే. స్పర్శరేఖ, వ్యాసార్థం, లంబం అన్న మాటలు నాకు అడ్డు రాలేదు, త్రోవ చూపాయి.

సిద్ధాంతం ఇంత స్పష్టంగా ఉన్నా తొలి నిర్మాతలు తలొక దారి పట్టారు. ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో అమెదే బొలే 1873లో నిర్మించిన ఆవిరి బండికి ముందు చక్రాలు రెండూ వేర్వేరు శీలలపై తిరిగేవి. చెప్పినట్లు వింటుందని కాబోలు, దానికి ‘విధేయ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. జర్మనీలో కార్ల్ బెంజ్‌కు నాలుగు చక్రాల బండికి తృప్తికరమైన స్టీరింగు దొరకలేదు. 1886 జనవరి 29న పేటెంటుకు సమర్పించిన తన కారుకు మూడు చక్రాలే పెట్టి, ముందరి ఒంటి చక్రాన్ని సైకిలువలె త్రిప్పాడు. అదే సంవత్సరం గొట్లీబ్ డైమ్లర్ గుర్రపు బండిని తెప్పించి ఇంజను అమర్చి, నడిమి శీల ఏర్పాటునే ఉంచేశాడు. ఒకే దేశంలో, ఒకే సంవత్సరంలో, ఇద్దరు మేధావులు రెండు దారులు త్రొక్కారు.

ఈ దారులలో ఏది మేలో గదిలో కూర్చొని తేల్చడం సాధ్యం కాదు. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్‌జ్‌హైమ్‌కు 100 కిలోమీటర్లకు పైగా ఆ కారులో ప్రయాణం చేసింది. ఎత్తులు ఎక్కలేక కారును త్రోయవలసి వచ్చింది. బ్రేకు దిమ్మెలు అరిగితే దారిలో తోలు తొడిగించింది. కారు గుణదోషాలు రోడ్డు మీదనే బయటపడతాయని ఆ ఇల్లాలు నిరూపించింది. మూడు చక్రాల బండికి మరొక ఇబ్బంది కూడా ఉంది. బండ్లు నడిచి గాడులు పడిన బాటలో రెండు చక్రాలు గాడులలో నడిస్తే మూడవది నడిమి మిట్టపై ఎగిరెగిరి పడుతుంది. బెంజ్ తన పట్టుదల వీడి, 1893లో కొస శీలల స్టీరింగుకు పేటెంటు పొంది, నాలుగు చక్రాల కారు నిర్మించాడు.

తరువాతి వివాదం చేతిలో ఏమి ఉండాలన్నది. తొలి కార్లకు పడవ చుక్కానివలె ఒక పిడి ఉండేది. పిడి పక్షంవారి వాదం కొట్టివేయదగినది కాదు. పిడి తేలిక, సూటి, చౌక. చేయి కదిలినంతనే చక్రం కదులుతుంది. దారి స్వభావం చేతికి తెలుస్తుంది. ఎదుటి పక్షం ఇలా అనేది: వేగం పెరిగితే ఆ సూటిదనమే ప్రమాదకరం. చేయి రవంత జరిగినా కారు మళ్ళుతుంది, రాయి తగిలితే పిడి చేతినుండి ఊడిపోతుంది. గుండ్రని చక్రమైతే రెండు చేతులతో పట్టుకోవచ్చు, నడుమ గేరు పెట్టి బలాన్ని పెంచుకోవచ్చు.

1894 జూలై 22న ప్యారిస్ నుండి రువాన్‌కు జరిగిన పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరోన్ తన పనార్ కారుకు పిడికి బదులు చక్రం అమర్చి నడిపాడు. ఆ పోటీ మరొక వివాదానికి కూడా దారి తీసింది. నిర్వహించిన పత్రిక బహుమతిని వేగానికి ప్రకటించలేదు. అపాయం లేనిదై, సులభంగా నడపదగినదై, తక్కువ ఖర్చుతో సాగే వాహనానికి ప్రకటించింది. 102 దరఖాస్తులు వచ్చినా అసలు పోటీలో బయలుదేరినవి 21. అందరికంటె ముందు రువాన్ చేరినది ద డియోన్ ప్రభువు ఆవిరి బండి. దానికి బొగ్గు వేసేందుకు మరొక మనిషి కావాలి గనుక మొదటి బహుమతి దానికి ఇవ్వలేదు. పనార్-లెవసోర్, ప్యూజో సంస్థలకు కలిపి ఇచ్చారు. మరుసటి సంవత్సరం ప్యారిస్-బోర్డో-ప్యారిస్ పందెంలో ఎమీల్ లెవసోర్ పిడితో నడిచే కారును దాదాపు ఒంటరిగా 48 గంటల 48 నిమిషాలు నడిపి, అందరికంటె గంటల ముందు చేరాడు. ఆయన కారుకు రెండే సీట్లు. నియమం నాలుగు సీట్లు కోరింది. మొదటి బహుమతి వెనుక వచ్చిన ప్యూజోకు పోయింది.

ఈ తీర్పులు న్యాయమా అని నాడు ఎందరో వాదించారు. పరీక్షకుని దృష్టితో చూస్తే వీటిలో ఒక మంచి సంగతి ఉంది. పరీక్ష దేనికి పెట్టామో ముందే చెప్పి, ఆ మాటకు కట్టుబడడం కష్టమైన ధర్మం. ముందు చేరినవాడే గొప్పవాడనడం సులువు.

1896లో ప్యారిస్-మార్సేయ్ పందెంలో లెవసోర్ కుక్కను తప్పించబోయి, కారు బోల్తాపడి గాయపడ్డాడు. మరుసటి ఏప్రిల్‌లో కన్నుమూశాడు. తప్పు పిడిదేనని నేననను. కాని ఆ సంస్థ సారథ్యం స్వీకరించిన ఆర్థర్ క్రెబ్స్ కాలంలో, 1898 నుండి, పనార్ కార్లకు ఏటవాలు స్టీరింగు చక్రం స్థిరపడింది. అమెరికాలో 1899లో ప్యాకార్డు దానిని స్వీకరించింది. అయినా వాదం అంతటితో ఆగలేదు. నెమ్మదిగా నడిచే ఓల్డ్స్‌మొబీల్ చిన్న కారు 1901 నుండి 1907 వరకు పిడితోనే వేలకొలదిగా అమ్ముడుపోయింది. ఇంగ్లండులో లాంచెస్టర్ వంటి శాస్త్రజ్ఞుడు తన కార్లకు పక్కపిడినే చాలాకాలం సమర్థించాడు. ఆయన అజ్ఞాని కాడు. తన పిడిని తన కారుకు తగినట్లు శ్రద్ధగా రూపొందించుకొన్నాడు. నెమ్మది కారుకు పిడి మంచిదే. వేగమైన, బరువైన కారుకు చక్రం అవసరమయింది. ఇరువురూ నిజమే చెప్పారు, వేర్వేరు కార్ల గురించి.

మూడవ వివాదం గేరులో వచ్చింది. మరచుట్టు గేరు పెడితే చేతితో చక్రాలను త్రిప్పవచ్చు గాని చక్రాలు తిరిగి చేతిని త్రిప్పలేవు. “దారి దెబ్బలు చేతికి రానివ్వం, నడిపేవాడు అలసిపోడు” అని ఒక పక్షం. “దెబ్బ ఎక్కడికీ పోదు. చేతికి రాకపోతే గేరు పళ్ళ మీద, కడ్డీల కీళ్ళ మీద పడుతుంది, అవి విరిగిననాడు చేతిలో ఏమీ మిగలదు. పైగా జారుడు నేల వచ్చిందని చేతికి తెలియదు” అని ఎదుటి పక్షం. క్రెబ్స్ 1896 నాటి పేటెంటులో శీలను కొంచెం వెనుకకు వాల్చి, మలుపు తరువాత చక్రాలు వాటంతట అవే తిన్నగా సర్దుకొనే ఉపాయం చూపాడు. గేరు పూర్తిగా బిగుసుకొని ఉంటే ఆ సర్దుబాటు జరుగనే జరుగదు. క్రమంగా నిర్మాతలు నడిమి మార్గం ఎన్నుకొన్నారు: పెద్ద దెబ్బ చేతిని విదిలించకూడదు, చిన్న కబురు మాత్రం చేతికి అందాలి.

పరీక్షించే పద్ధతి కూడా వివాదాస్పదమే అయింది. పందేలే పరీక్షలన్నవారికి 1903 మే నెలలో జరిగిన ప్యారిస్-మాడ్రిడ్ పందెం సమాధానం చెప్పింది. మార్సెల్ రెనో సహా పలువురు మరణించారు. బోర్డోలోనే పందెం ఆపివేశారు. అంతకు మూడేండ్ల ముందు, 1900 వసంతంలో, బ్రిటనులో 1000 మైళ్ళ యాత్ర ఒకటి జరిగింది. దాని లక్ష్యం వేగం కాదు, ఊరూరా తిరిగి కారు ఎంత నమ్మదగినదో చూపడం. ఆ తరువాత 1924లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ మిల్‌ఫర్డులో ప్రత్యేక పరీక్షాక్షేత్రం నెలకొల్పింది. మనుషులు తిరిగే దారిలోనుండి పరీక్షను తొలగించి, కొలతలతో కూడిన ఆవరణలోకి తెచ్చిన పరిణామం అది.

ఇక నా కథ ఒకటి చెప్పక తప్పదు. ఉద్యోగంలో చేరిన మూడవ ఏట నా బల్లమీదకు ఒక ఫిర్యాదు వచ్చింది. కొత్త లారీ బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగుతోందని పెద్ద వయసు డ్రైవరు ఒకరు చెప్పారు. నేను లారీని షెడ్డులో నిలిపి కోణాలు కొలిచాను, కింగ్ పిన్నుల ప్లే చూశాను, ఖాళీ బండిని నడిపించాను. అన్నీ సరిగా ఉన్నాయి. “దోషం లేదు, నడిపే అలవాటు సరిలేదు” అని వ్రాశాను. ఆయన కోపగించుకోలేదు. “బాబూ, ఖాళీ బండిని చూశారు. సరుకు వేసి, దిగుడులో బ్రేకు కొట్టి చూడండి” అన్నారు. నాకు అభిమానం అడ్డువచ్చింది. రెండు వారాలు జాప్యం చేశాను. చివరకు పై అధికారి ఒత్తిడి మీద బరువు వేసి నడిపితే, స్టీరింగు నా చేతులలోనే పక్కకు మళ్ళింది. బరువుతో బ్రేకు పడినప్పుడు కమాను పట్టీలు మెలిపడి ముందు ఇరుసు కొంచెం దొర్లుతున్నది. దానితోపాటు డ్రాగ్ లింకు కొస జరిగి, ఎవరూ త్రిప్పకుండానే చక్రాలను మళ్ళిస్తున్నది. ఆ కొస అమరికను మార్చాక లోపం పోయింది. ఆ రెండు వారాలలో ఎవరికీ ప్రమాదం జరుగలేదు. అది నా ప్రజ్ఞ కాదు, అదృష్టం. నా కొలతలు తప్పు కావు, నేను అడిగిన ప్రశ్న తప్పు. ఆయన వద్దకు వెళ్ళి క్షమాపణ చెప్పుకొన్నాను. “మీరు నడిపి చూశారు గదా, చాలు” అన్నారు.

నేను చేసిన పొరపాటే ఒకప్పుడు లోకమంతా చేసింది. 1920లలో మెత్తని లావు టైర్లు, నాలుగు చక్రాలకూ బ్రేకులు వచ్చాక, కొంత వేగం దాటగానే ముందు చక్రాలు గజగజ ఊగిపోయే జబ్బు పట్టుకొంది. టైరుదే తప్పని ఒకరు, కీళ్ళ ప్లే అని ఒకరు, శీల వాలు అని మరొకరు వాదించారు. తిరిగే చక్రం బొంగరం వంటిది. ఇరుసు ఒక పక్క లేస్తే, ఆ చక్రం ఒరుగుతూ శీల చుట్టూ తిరగబోతుంది. కనుక రెండు చక్రాలనూ కలిపే ఆ ఒంటి ఇరుసులోనే మూలకారణం ఉంది. మారిస్ ఆలీ మొదలైన ఇంజనీర్లు ప్రయోగాలు సాగించిన మీదట 1934లో జనరల్ మోటార్స్ కార్లకు ముందు చక్రాలు దేనికది స్వతంత్రంగా లేచి పడే ఏర్పాటు వచ్చింది.

ఆ పరిశోధనలలోనే మరొక సంగతి స్పష్టమయింది. మలుపులో రబ్బరు టైరు తాను చూస్తున్న దిశలోనే సాగదు, కొంచెం పక్కకు జారుతుంది. ఆ జారుడు ముందు ఎక్కువైతే కారు మళ్ళనని మొరాయిస్తుంది. వెనుక ఎక్కువైతే అవసరానికి మించి తిరిగిపోతుంది. ఈ రెండు గుణాలకు పేర్లు పెట్టినది ఆలీయే. అంటే మా మాస్టారి దారం గీసిన వృత్తం నెమ్మదిగా పోయే కారుకు సరిపోతుంది, వేగంగా పోయే కారుకు దానిని సవరించుకోవాలి. 1816 నాటి సూత్రం తప్పయిపోలేదు. దాని హద్దు ఎక్కడో తెలిసింది. మాస్టారు జీవించి ఉంటే ఈ మాట వారికి చెప్పేవాణ్ణి. వారు సంతోషించేవారనే నా నమ్మకం. ఎందుకంటే ఒకసారి నల్లబల్లపై వారు వేసిన లెక్కలో తప్పు ఉందని నేను భయపడుతూ లేచి చెప్పినప్పుడు, సుద్దముక్క నా చేతికిచ్చి, “వచ్చి చేసి చూపించు” అన్నారు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. తెలుగులో చదివితే పిల్లలు వెనుకబడతారేమో అన్న భయం మీలో కొందరికి ఉన్నదని నాకు తెలుసు. ఇంగ్లీషు నేర్వవలసిందే. ఈ ఊరి భాష కన్నడం కూడా శ్రద్ధగా నేర్వవలసిందే. కాని పిల్లవాడు మొట్టమొదట “ఎందుకు?” అని అడిగేది, “అలా కాదేమో!” అని ఎదురు చెప్పేది అమ్మ భాషలోనే. ఆ నోటిని ఇంటిలోగాని బడిలోగాని మూయించకండి. ఉపాధ్యాయ సోదరులారా, ప్రశ్నించిన విద్యార్థికి సుద్దముక్క ఇవ్వండి. విద్యార్థులారా, మీరు ఎదురు చెప్పవచ్చు. చెప్పినదానిని చేసి చూపే బాధ్యత మీదే. చూపలేకపోతే ఒప్పుకొనడంలో చిన్నతనం లేదు. ఆ పని బెంజ్ కూడా చేశాడు.

75 ఏండ్లుగా ఈ పాఠశాల తప్పు ఒప్పుకొనే ధైర్యాన్నీ, పరీక్షించి చూసే ఓర్పునూ ఎందరికో ఇచ్చింది. నాకు ఇచ్చినది నేనెరుగుదును. శతవార్షికోత్సవం నాటికి ఈ వేదిక మీద మీలో ఒకరు నిలబడి, నేను ఈనాడు చెప్పిన దానిలో తప్పేమిటో సభకు వివరించాలని కోరుకొంటున్నాను.